మోషన్ టెస్ట్‌లో పురుగు గుడ్లు గుర్తుపట్టడం ఎలా? కొరడా పురుగు గుడ్డు ఎందుకు తప్పిపోతుంది?

ఎం.ఎల్.టి. (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతున్నవాళ్లు, కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫొటో తీసి పంపుతూ ఉంటారు. అడిగేది ఎప్పుడూ ఒకటే: "సార్, ఇది ఓవానా, చెత్తా?" ఓవానే, అంటే పురుగు గుడ్డే, అని చెబితే వెంటనే రెండో ప్రశ్న: "మరి ఏ పురుగుది?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు పనంతా వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. రిపోర్టులో "ఓవా సీన్" అని రాసి వదిలేస్తే సగం పనే చేసినట్టు. ఏలికపాము అయితే ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో చాలామందికి పోతుంది. కొరడా పురుగు అంత తేలిగ్గా పోదు. దానికి డాక్టర్లు మామూలుగా మూడు రోజుల కోర్సు రాస్తారు. పేరు రాయకపోతే డాక్టరు ఒక్క మాత్రే ఇస్తారు, పురుగు అక్కడే ఉంటుంది, ఆ పిల్లాడు రెండు నెలల తర్వాత మళ్లీ మీ దగ్గరికే డబ్బా పట్టుకుని వస్తాడు.

ఈ పురుగుల్లో ఏది ఎక్కడ

థియరీ ఇంతవరకే చాలు. గుండ్రటి ఒళ్లున్న పురుగులన్నీ నెమటోడ్లు. మన పేగుల్లో కాపురం పెట్టేవాటిలో మీకు తరచూ తగిలేవి ఐదు: ఏలికపాము (రౌండ్‌వార్మ్), కొంకి పురుగు (హుక్‌వార్మ్), కొరడా పురుగు (విప్‌వార్మ్), పిల్లలకు రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే పిన్‌వార్మ్, ఇక స్ట్రాంజిలాయిడిస్. బోదకాలు తెచ్చే ఫైలేరియా కూడా నెమటోడే కానీ దాని పిల్లలు రక్తంలో దొరుకుతాయి, మోషన్‌లో వెతక్కండి. బద్దె పురుగు ఈ కుటుంబంది కాదు, అది చదునుగా రిబ్బన్‌లా ఉంటుంది.

ఈ ఐదింటిలో కొరడా పురుగు కొంచెం వేరే జాతి. పొడవు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. ముందు వైపు సగానికి పైగా వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఆ సన్నటి భాగాన్ని పెద్దపేగు మొదట్లో ఉండే సీకం గోడలోకి దూర్చి అక్కడే ఉండిపోతుంది. లావుపాటి తోక భాగం ఒక్కటే బయటికి వేలాడుతుంది. అందుకే పురుగు మోషన్‌లో పడటం అరుదు, దొరికేది గుడ్డే. ఏలికపాములా, కొంకి పురుగులా ఊపిరితిత్తుల గుండా తిరిగి రావడం దీనికి లేదు. దగ్గరి చుట్టాలు ట్రైకినెల్లా, కాపిలేరియా. వీటిలో కాపిలేరియా గుడ్డు మన కొరడా పురుగు గుడ్డులాగే ఉంటుంది కాబట్టి ఆ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

కావలసినవి

- మూత గట్టిగా పట్టే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా
- స్లైడ్లు, 22 మిల్లీమీటర్ల చదరపు కవర్ స్లిప్‌లు
- 0.85 శాతం సెలైన్ (ఐ.వి. సెలైన్ 0.9 శాతం ఉంటుంది, అదీ పనికొస్తుంది)
- లూగాల్స్ అయోడిన్, నల్ల సీసాలో
- అగ్గిపుల్లలు గానీ చెక్క పుల్లలు గానీ
- 10ఎక్స్, 40ఎక్స్ లెన్సులున్న మైక్రోస్కోప్
- గ్లౌజులు, మార్కర్ పెన్
- వీలైతే ఐపీస్‌లో పెట్టే గీతల స్కేలు (లేకపోతే ఏం చేయాలో 6వ మెట్టులో ఉంది)

ఆయిల్ ఇమ్మర్షన్ (నూనె చుక్క వేసి చూసే 100ఎక్స్ లెన్సు) ఈ పనికి అక్కర్లేదు. తడి స్లైడ్ మీద ఆయిల్ వేస్తే లెన్సు పాడవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

1. శాంపిల్ సరిగ్గా తెప్పించుకోండి

ఉసిరికాయంత మోషన్ చాలు. పేషెంటుకి డబ్బా ఇచ్చేటప్పుడే మూడు సంగతులు చెప్పండి: మూత్రం కలవకూడదు, మరుగుదొడ్డి నీళ్లు కలవకూడదు, మట్టి మీది నుంచి ఎత్తి తేకూడదు. మట్టిలో స్వేచ్ఛగా బతికే నెమటోడ్లు బోలెడు. అవి శాంపిల్‌లోకి ఎక్కాయంటే మీరు స్ట్రాంజిలాయిడిస్ అనుకుని రిపోర్టు ఇచ్చేస్తారు.

బేరియం ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లయితే ఓ వారం ఆగమనండి. నూనె ఉన్న విరేచనాల మందు వాడినా స్లైడ్ నిండా నూనె బొట్లే కనిపిస్తాయి.

మన ఎండలకు శాంపిల్ బల్ల మీద రోజంతా ఉంచకండి. కొంకి పురుగు గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదిగి పిల్ల బయటికి వచ్చేస్తుంది. ఆలస్యం తప్పదనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టండి, అంతకంటే ఎక్కువ రోజులైతే 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. ఫ్రిజ్ అంటే ల్యాబ్ ఫ్రిజ్, టిఫిన్ బాక్సులు పెట్టేది కాదు.

2. ముందు కంటితో చూడండి

నీళ్లలా ఉందా, గట్టిగా ఉందా, జిగురు, రక్తం ఉన్నాయా అన్నది రాసుకోండి. జిగురు, రక్తం ఉన్నచోటు నుంచి ఒక స్లైడ్, మామూలు భాగం నుంచి ఒకటి చేయాలి. కొరడా పురుగులు వందల్లో ఉన్న పిల్లలకు నెలల తరబడి జిగురు, రక్తంతో విరేచనాలు అవుతాయి. ముక్కినప్పుడు పేగు చివర బయటికి జారడం కూడా జరుగుతుంది.

తల్లి పురుగునే పట్టి తెచ్చిందనుకోండి, పని తేలిక. జానెడో అంతకు మించో పొడవుండి గులాబీ తెలుపులో గుండ్రంగా ఉంటే ఏలికపాము. సెంటీమీటరుకు అటూ ఇటూ తెల్లటి దారం ముక్క కదులుతుంటే పిన్‌వార్మ్. చదునుగా, గళ్లు గళ్లుగా ఉంటే బద్దె పురుగు. కదలకుండా పీచులా ఉంటే తోటకూర నారో, మామిడి పీచో, అరటిపండు మధ్యలో ఉండే నల్లటి గీతో అయి ఉండొచ్చు. ఈ చివరి రకం ఎంత తరచుగా వస్తుందో కొన్నాళ్లు ల్యాబ్‌లో కూర్చుంటే మీకే తెలుస్తుంది. నవ్వకండి, వాళ్ల టెన్షన్ వాళ్లది. సెలైన్ చుక్కలో వేసి 10ఎక్స్‌లో చూస్తే మొక్క కణాల గోడలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.

3. స్లైడ్ చేయండి

స్లైడ్‌కి ఎడమ వైపు సెలైన్ ఒక చుక్క, కుడి వైపు అయోడిన్ ఒక చుక్క. పుల్ల కొసతో అగ్గిపుల్ల తలలో సగమంత, అంటే సుమారు 2 మిల్లీగ్రాములు, తీసుకుని ముందు సెలైన్‌లో కలపండి. తర్వాత ఇంకొంచెం తీసి అయోడిన్‌లో. అయోడిన్‌లో ముంచిన పుల్లను తిరిగి సెలైన్‌లో పెట్టకండి.

శాంపిల్‌ని ఒక్కచోట నుంచి తీయకుండా పైనుంచి, మధ్యలోంచి, పక్క నుంచి కొంచెం కొంచెం తీయాలి. గుడ్లు అన్నిచోట్లా సమానంగా ఉండవు.

కవర్ స్లిప్‌ని ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చండి. పైనుంచి టపీమని వేస్తే గాలి బుడగలు వస్తాయి.

మందం సరిపోయిందో లేదో చూడాలంటే స్లైడ్‌ని దినపత్రిక మీద పెట్టండి. అక్షరాలు చదవగలిగితే సరిగ్గా ఉంది. అక్షరాలు కనపడకపోతే మందం ఎక్కువ, మరీ తేటగా కనిపిస్తే పల్చన. పదిలో ఏడెనిమిది చెడ్డ స్లైడ్లు ఈ మెట్టులోనే చెడతాయని నా నమ్మకం. కాబట్టి పేపరు మీద పెట్టి చూడకుండా స్లైడ్‌ని మైక్రోస్కోప్ ఎక్కించొద్దు.

4. వెలుతురు తగ్గించండి

రక్తం స్లైడ్ చూసే అలవాటులో కండెన్సర్ (స్లైడ్ కింద వెలుతురును కూడగట్టే లెన్సు) పైకి ఎత్తి, ఐరిస్ (వెలుతురును తగ్గించే, పెంచే రంధ్రం) పూర్తిగా తెరిచి చూస్తుంటారు. ఇక్కడ అలా కుదరదు. రంగు వేయని గుడ్డు గాజులాంటిది, ఎక్కువ వెలుతురులో మాయమైపోతుంది. కండెన్సర్ కొద్దిగా దించండి, ఐరిస్ సగానికి పైగా మూయండి. గుడ్ల అంచులు నల్లటి గీతలా తేలతాయి. కొంకి పురుగు, పిన్‌వార్మ్ గుడ్లకు ఇది మరీ ముఖ్యం, వాటికి సొంత రంగు లేదు.

5. 10ఎక్స్‌లో కవర్ స్లిప్ మొత్తం తిరగండి

పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కిందికి, పక్కకు జరిగి పైకి, మళ్లీ కిందికి. ఐపీస్ మీద 18 అని ఉంటే 10ఎక్స్‌లో మీకు కనిపించే వలయం 1.8 మిల్లీమీటర్లు. అంటే 22 మిల్లీమీటర్ల కవర్ స్లిప్‌కి 12, 13 వరసలు. ఒక వరస పక్క వరస మీద కొంచెం ఎక్కేలా తిరిగితే ఇంకో రెండు. ఒక్క వరసా వదలకూడదు. కుడిచెయ్యి స్టేజి తిప్పుతుంటే ఎడమ చెయ్యి ఫైన్ ఫోకస్ మీద ఉండి అటూ ఇటూ ఆడుతూ ఉండాలి. గుడ్లు ద్రవంలో ఒకే లోతులో ఉండవు కదా.

అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ మధ్యకు తెచ్చి 40ఎక్స్‌లో చూడండి. నేరుగా 40ఎక్స్‌తో వెతకడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది, అప్పటికి స్లైడ్ ఎండిపోతుంది.

6. కొలవండి

అందరూ ఎగ్గొట్టేది ఇదే. గుడ్లను పొడవుతో పట్టుకోవచ్చు. ఐపీస్ స్కేలు ఉంటే స్టేజి మైక్రోమీటర్‌తో (కొలత గీతలు చెక్కిన స్లైడ్) ఒక్కసారి లెక్క సరిచూసి, ఏ లెన్సుకి ఒక్కో గీత ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చీటీ రాసి మైక్రోస్కోప్‌కి అంటించండి. ఒక మైక్రోస్కోప్ లెక్క ఇంకోదానికి చెల్లదు.

స్కేలు లేకపోతే రెండు దారులు. 18 అని ఉన్న ఐపీస్‌తో 40ఎక్స్‌లో వలయం వెడల్పు 450 మైక్రాన్లు. కొరడా పురుగు గుడ్డు అందులో ఎనిమిదో తొమ్మిదో వంతు పొడవు ఉంటుంది. లేదా అదే 40ఎక్స్‌లో ఒక రక్తం స్లైడ్ పెట్టి ఎర్రకణం ఎంత కనిపిస్తుందో చూసుకోండి. ఎర్రకణం ఏడు, ఏడున్నర మైక్రాన్లు. ఏడు ఎర్రకణాలు వరసగా పెడితే కొరడా పురుగు గుడ్డు పొడవు.

7. ఏ గుడ్డో తేల్చండి

కొరడా పురుగు: పొడవు 50 నుంచి 55 మైక్రాన్లు, వెడల్పు 20 నుంచి 25. మద్దెల ఆకారం, మధ్య ఉబ్బు, రెండు చివరలా సన్నం. రెండు చివరలా తేటగా మెరిసే బిరడాలు కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటాయి. పైత్యరసం పట్టి పెంకు పసుపు గోధుమ రంగులో, నున్నగా, మందంగా ఉంటుంది. లోపల విడిపోని ఒకే ముద్ద. అప్పుడే వచ్చిన మోషన్‌లో లోపల పిల్ల పురుగు కనిపిస్తే శాంపిల్ గురించి అనుమానించండి, ఎందుకంటే పిల్ల తయారవడానికి తేమ మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

గుడ్డు నిట్టనిలువుగా నిలబడితే బిరడాలు కనిపించవు, గుండ్రటి గోధుమ చుక్కలా ఉంటుంది. అప్పుడు పుల్ల కొసతో కవర్ స్లిప్ అంచున మెల్లగా తట్టండి. గుడ్డు దొర్లి పక్కకు పడుతుంది, బిరడాలు రెండూ బయటపడతాయి. దొర్లకపోతే మీ స్లైడ్ మందం ఎక్కువైందని అర్థం.

ఏలికపాము: 45 నుంచి 75 మైక్రాన్లు, గుండ్రం లేదా కోలగుండ్రం, పైన గోధుమ రంగులో బొడిపెలు బొడిపెలుగా పొర. ఇది పుస్తకంలో బొమ్మ. అసలు స్లైడ్‌లో ఇంకో రెండు వేషాలుంటాయి. ఫలదీకరణ కాని గుడ్డు 90 మైక్రాన్ల దాకా పొడుగ్గా, పెంకు పల్చగా, లోపల గజిబిజి రేణువులతో ఉంటుంది. బొడిపెల పొర ఊడిపోయిన గుడ్డు నున్నగా ఉండి కొంకి పురుగు గుడ్డేమో అనిపిస్తుంది. పెంకు మందం చూడండి: ఏలికపాముది మందం, కొంకి పురుగుది గీత గీసినంత పల్చన.

కొంకి పురుగు: 60 నుంచి 75 మైక్రాన్లు, కోలగా, రంగు లేకుండా. లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాల ముద్ద, ముద్దకీ పెంకుకీ మధ్య తేటగా ఖాళీ జాగా. ఆంకైలోస్టోమా, నెకేటర్ రెండింటి గుడ్లూ ఒకేలా ఉంటాయి, కాబట్టి రిపోర్టులో హుక్‌వార్మ్ అనే రాయండి, అంతకు మించి తేల్చానని చెప్పుకోకండి.

పిన్‌వార్మ్: 50 నుంచి 60 మైక్రాన్లు, ఒక పక్క చదును, రంగు లేదు. మోషన్‌లో దొరకడం తక్కువ. అనుమానముంటే తెల్లవారుజామున, పిల్లల్ని కడగకముందే మలద్వారం దగ్గర సెలోటేప్ అంటించి తీసి స్లైడ్ మీద అతికించి తెమ్మనండి. ఈ టేపుతో జాగ్రత్త, ఈ గుడ్లు కొన్ని గంటల్లోనే ఇంకొకరికి జబ్బు అంటించే స్థితికి వస్తాయి. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు తాజా మోషన్‌లో అంటుకోవు, వాటికి వారాలు కావాలి.

స్ట్రాంజిలాయిడిస్: గుడ్డు కాదు, కదిలే పిల్ల పురుగు. తాజా శాంపిల్‌లో పిల్ల పురుగు కనిపిస్తే మొదట దీన్నే అనుకోండి. నిలవ శాంపిల్ అయితే పొదిగిన కొంకి పురుగు పిల్ల కావచ్చు. 40ఎక్స్‌లో నోటి గొట్టం పొట్టిగా ఉంటే స్ట్రాంజిలాయిడిస్, పొడుగ్గా ఉంటే కొంకి పురుగు. కదులుతుంటే నోరు కనపడదు, అయోడిన్ వైపు చూడండి, అక్కడ చచ్చి నిలిచి ఉంటుంది. స్ట్రాంజిలాయిడిస్ అనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. స్టెరాయిడ్లు వాడే పేషెంటులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

8. కొరడా పురుగే అని రూఢి చేసుకోండి

బిరడాలు రెండు కనిపించగానే సంతకం పెట్టేయకండి. మూడు సందర్భాల్లో తప్పు జరుగుతుంది.

ఒకటి, కాపిలేరియా. మనుషుల పేగులో ఉండే రకం గుడ్డు 35 నుంచి 45 మైక్రాన్లే. బిరడాలు బయటికి పొడుచుకు రావు, చదునుగా ఉంటాయి. పెంకు మీద గీతలుంటాయి. అరుదే, అయినా పచ్చి చేప తినే అలవాటు, ఆగని విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే తప్పక కొలవండి. ఎలుకల వంటి జంతువుల కాలేయంలో ఉండే ఇంకో కాపిలేరియా ఉంది. అలాంటి కాలేయం తిన్నవాళ్ల మోషన్‌లో దాని గుడ్లు ఊరికే ప్రయాణం చేసి బయటికొస్తాయి, అది జబ్బు కాదు.

రెండు, సైజు మరీ పెద్దదిగా ఉంటే. కుక్కల కొరడా పురుగు గుడ్డు 70 నుంచి 90 మైక్రాన్లు. వెటర్నరీ వాళ్లకు ఇది రోజువారీ దృశ్యం, మనుషుల్లో బహు అరుదు. పెద్ద గుడ్డు కనిపిస్తే ముందు శాంపిల్ ఎవరిదో, నేల మీది నుంచి ఎత్తి తెచ్చారేమో కనుక్కోండి.

మూడు, మందు వేసుకున్నాక వచ్చే గుడ్లు. మెబెండజోల్ పడిన కొరడా పురుగు వంకర టింకర గుడ్లు, ఉబ్బిన గుడ్లు పెడుతుంది. "ఈ మధ్య పురుగుల మందు ఏదైనా వేసుకున్నారా?" అని అడిగితే చిక్కుముడి విడిపోతుంది.

9. కనపడలేదా? అయితే లేదని కాదు

కొరడా పురుగు గుడ్డును చూస్తే పోల్చుకోవడం అన్నిటికన్నా తేలిక. కానీ కంటపడటమే కష్టం. ఎందుకో చిన్న లెక్క వేద్దాం. ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల గుడ్లు పెడుతుంది. పేషెంటు రోజు మోషన్ 200 గ్రాములనుకుంటే గ్రాముకు వెయ్యి, మీరు తీసిన 2 మిల్లీగ్రాముల్లో రెండు గుడ్లు. ఒక్క పురుగున్నా దొరికే అవకాశం ఉంది. ఆడ కొరడా పురుగు పెట్టేది రోజుకు 3 వేల నుంచి 20 వేలు. 5 వేలు అనుకుంటే గ్రాముకు 25, మీ స్లైడ్‌కి 0.05. అంటే ఒక్క పురుగు ఉన్నవాడి శాంపిల్‌తో ఇరవై స్లైడ్లు చేస్తే ఒక్కదాంట్లో ఒక్క గుడ్డు.

కాబట్టి రిపోర్టులో "పురుగులు లేవు" అని రాయకండి. "ఓవా, సిస్ట్స్ నాట్ సీన్, సింగిల్ శాంపిల్, సెలైన్ మౌంట్" అని రాయండి. అనుమానం గట్టిగా ఉంటే రోజు విడిచి రోజు మూడు శాంపిల్స్ అడగండి. లేదా కింది రెంటిలో ఒకటి చేయండి.

ఉప్పు నీటి పద్ధతి: నీళ్లు మరిగిస్తూ ఉప్పు అడుగున కరక్కుండా మిగిలేదాకా వేయండి, లీటరుకు సుమారు 400 గ్రాములు పడుతుంది. చల్లార్చి వడకట్టండి. సాంద్రత 1.20 ఉండాలి. చిన్న సీసాలో గ్రాము మోషన్ కలిపి, అంచు దాకా నింపి, పైన స్లైడ్ ఆనించి 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. తేలిన గుడ్లు స్లైడ్‌కి అంటుకుంటాయి. కొరడా పురుగు, కొంకి పురుగు, ఫలదీకరణ అయిన ఏలికపాము గుడ్లు బాగా తేలతాయి. ఫలదీకరణ కాని ఏలికపాము గుడ్లు మునిగిపోతాయి, అది మరవకండి. అరగంట దాటితే గుడ్లు ముడుచుకుపోతాయి, కాబట్టి టీ తాగి వద్దామని వెళ్లొద్దు. మేకలు, గొర్రెల శాంపిల్స్‌కి కూడా ఇదే చవకైన దారి.

కేటో-కాట్జ్ పద్ధతి: సర్వేలలో వాడేది. జల్లెడతో నలిపిన మోషన్‌ని 41.7 మిల్లీగ్రాములు పట్టే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ బిళ్లలో నింపి, బిళ్ల తీసేసి, గ్లిజరిన్-మలకైట్ గ్రీన్‌లో కనీసం ఒక రోజు నానిన సెలోఫేన్ ముక్క పైన పరిచి, ఇంకో స్లైడ్‌తో నొక్కాలి. లెక్కపెట్టిన గుడ్లను 24తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. నీళ్ల విరేచనాలకు ఇది పనికిరాదు. గ్లిజరిన్‌లో కొంకి పురుగు గుడ్లు త్వరగా కరిగినట్టు మాయమవుతాయి, మన వేడికి ఇంకా తొందరగా, అందుకని వాటిని అరగంటలోపే చూసేయాలి. కొరడా పురుగు, ఏలికపాము గుడ్లు తర్వాత తాపీగా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ పెంకు అంత మొండిది మరి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే 5,300 ఏళ్ల నాటి మనిషి పేగులో కూడా కొరడా పురుగు గుడ్లు దొరికాయి.

10. ఎన్ని ఉన్నాయో రాయండి

కొరడా పురుగుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది: గ్రాముకు 999 గుడ్ల వరకు తేలిక, 1,000 నుంచి 9,999 మధ్యస్థం, 10,000 దాటితే తీవ్రం. ఏలికపాముకు ఆ హద్దులు 5,000, 50,000. కొంకి పురుగుకు 2,000, 4,000. ఒక పురుగు హద్దులు ఇంకోదానికి వాడకండి. గ్రాముకు 4,500 గుడ్లు అన్నది ఏలికపామైతే తేలిక కింద, కొంకి పురుగైతే తీవ్రం కింద వస్తుంది. రిపోర్టులో పురుగు పేరు ఎందుకు ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

గాలి బుడగను గుడ్డనుకోవడం: బుడగ అంచు దట్టమైన నల్ల వలయం, లోపల ఏమీ ఉండదు.

పుప్పొడిని ఏలికపాము గుడ్డనుకోవడం: పుప్పొడి మీద ముళ్లు ఒకే సైజులో అచ్చు పోసినట్టు ఉంటాయి, సైజు కూడా చాలాసార్లు చిన్నది.

మొక్కల నూగును పిల్ల పురుగు అనుకోవడం: నూగు కొన సూదిలా ఉంటుంది, లోపల పేగు గానీ గొంతు గానీ ఉండవు, మధ్యలో ఒక సన్నటి గీత మాత్రం ఉంటుంది.

ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపల వేర్లకు పట్టే నెమటోడ్ల గుడ్లను కొంకి పురుగు గుడ్లనుకోవడం: రైతులు వేరు బుడిపె తెగులు అంటారే, ఆ పురుగు గుడ్లే. తిన్న దుంపతో పాటు వచ్చి వెళ్లిపోతాయి. పొడవు 80 మైక్రాన్లు దాటుతుంది, ఒక పక్క కొద్దిగా వంపు. కొలిస్తే దొరికిపోతాయి.

అయోడిన్ వైపు మాత్రమే చూడటం: అయోడిన్‌లో అన్నీ గోధుమ రంగే. పెంకు సొంత రంగు తెలియాలంటే సెలైన్ వైపే చూడాలి.

ఒక గుడ్డు దొరకగానే ఆపేయడం: ఏలికపాము, కొరడా పురుగు చాలాసార్లు కలిసే ఉంటాయి, రెండూ మట్టి నుంచి నోటిలోకి వచ్చేవే. ఏలికపాము గుడ్లు గుంపుగా కనిపించిన స్లైడ్‌లోనే కొరడా పురుగు తప్పిపోతుంది. మిగతా వరసలు కూడా పూర్తి చేయండి.

మీ చూపు సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడం

అదే శాంపిల్‌తో రెండో స్లైడ్ చేసి, మొదటి ఫలితం చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వండి. ఇద్దరి పేర్లూ కలవకపోతే మూడోవాళ్లు చూడాలి. పాజిటివ్ శాంపిల్ దొరికిన రోజున కొంత ఫార్మలిన్‌లో దాచి, కొత్తవాళ్లకు చూపడానికి ఉంచుకోండి. కానీ ఫార్మలిన్‌లో ఉంది కదా అని చేతులతో తాకకండి, ఏలికపాము గుడ్డు అందులోనూ చాలాకాలం బతికి ఉండగలదు. బ్లీచింగ్ కూడా దాని పై పొరనే ఊడదీస్తుంది. వాడిన స్లైడ్లు, డబ్బాలు ఆటోక్లేవ్‌కి (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) పంపండి, వేడి ముందు ఏ గుడ్డూ ఆగదు.

రిపోర్టు ఇచ్చాక అడిగే ప్రశ్న

"స్కూల్లో మాత్ర వేశారు కదా, మళ్లీ ఎందుకు వచ్చింది?" 2015 నుంచి జాతీయ నులిపురుగుల దినం పేరుతో అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్లవాళ్లకు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర, మిగతావాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర. ఏలికపాము మీద అది బాగా పనిచేస్తుంది. కొరడా పురుగుల్లో కొన్నిటిని చంపి, మిగిలినవాటిని ఒదిలేస్తుంది. మాత్ర వృథా కాదు, కడుపులో పురుగుల సంఖ్య తగ్గుతుంది, కానీ పాజిటివ్ వచ్చిన పిల్లాడికి అదొక్కటే చాలదు. కోర్సు ఎన్ని రోజులో డాక్టరే రాయాలి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు మందుల షాపులో అడిగి కొనివ్వొద్దని చెప్పండి.

మందు పూర్తయ్యాక మళ్లీ పరీక్ష రెండు మూడు వారాలకు పెట్టండి. మర్నాడే చేస్తే పేగులో మిగిలిన పాత గుడ్లు కనిపిస్తాయి. మరీ ఆలస్యం చేస్తే కొత్తగా మింగిన గుడ్లు పెద్ద పురుగులై గుడ్లు పెట్టేస్తాయి, దానికి రెండు నెలలు దాటితే చాలు. మొదటి లెక్క, రెండో లెక్క పక్కపక్కన రాయండి. 1,200 ఉన్నవి 240కి దిగితే 80 శాతం తగ్గినట్టు. సర్వేలలో మందు పనితనం కొలిచేటప్పుడు ఒక్క డోసు ఆల్బెండజోల్‌కి ఏలికపాములో 95 శాతం తగ్గుదల ఆశిస్తారు, కొరడా పురుగులో 50 శాతం వచ్చినా సరేనంటారు. రెండో పరీక్షలోనూ గుడ్లు కనిపిస్తే ల్యాబ్ తప్పని గానీ, పిల్లాడు మాత్ర ఉమ్మేశాడని గానీ వెంటనే అనుకోకుండా, రెండు అంకెలూ రాసి డాక్టరు దగ్గరికి పంపండి.